లాంచీ నాది

మా నాన్నని ఆ పాడుబడ్డ స్టీమరు మీద దింపమని చెప్పింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. డాక్టరమ్మది ఇంత, ఇంజినీరు కుర్రాడిది ఇంత అని తప్పుని వాటాలు వేసుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు.

నాన్న పేరు సంగాడి ధర్మారావు. గోదావరి మీద ముప్పై ఒక్క ఏళ్లు లాంచీ నడిపిన సరంగు. పద్నాలుగేళ్ల కిందట ఆయన లాంచీ ఇసుక మేట ఎక్కి ఒరిగిపోయింది. ఏడుగురు పోయారు. విచారణలో నాన్న ఒకటే మాట చెప్పాడు, చుక్కాని నా చేతిలో ఉంది, తప్పు నాది అని. లైసెన్సు రద్దయింది, రెండేళ్లు జైల్లో ఉన్నాడు. తిరిగొచ్చాక రేవు వైపు కన్నెత్తి చూడలేదు. రాజమండ్రిలో నా ఇంటి వరండాలో కూర్చుని వలలు అల్లుకునేవాడు. పోయిన శ్రావణంలో పక్షవాతం వచ్చి, కళ్లు తప్ప ఇంకేదీ కదలని మనిషైపోయాడు. లోపల తెలివంతా ఉంది. అడిగిన ప్రతిదానికీ కళ్లు మూసి తెరిచి జవాబు చెప్పేవాడు. అదే చూడలేకపోయాను.

విశాఖలో, సముద్రానికి ఎదురుగా కొండ మీదున్న ప్రయోగశాల గురించి ఎవరో చెబితే తీసుకెళ్లాను. అక్కడి డాక్టర్ ఇందుమతి నాకు పాఠం చెప్పలేదు. ఒక రికార్డింగు పెట్టింది. చెవి పక్కన దోమ తిరిగినట్టు సన్నని రొద, అంతే. దాన్ని వంద రెట్లు నెమ్మదిగా తిప్పి మళ్లీ వినిపించింది. ఎవరో ఒకావిడ జోల పాడుతోంది.

"ఆవిడా మీ నాన్నగారిలాగే పడిపోయిన మనిషేనండి," అంది ఇందుమతి. "ఒంటిని మోసే పని తప్పితే మనసు ఇంత వేగంగా పోతుంది. మనకి పావుగంట, లోపల వాళ్లకి ఒక పగలూ ఒక రాత్రీ. అంతసేపు అక్కడ నడిచి, మెట్లెక్కి, పాడితే, ఇక్కడ మెదడు దారులు వెతుక్కుంటుంది. ఈవిడకి ఐదు నెలల్లో కుడి చేతి వేళ్లు కదిలాయి."

ఆ వేళ్లు కదిలిన మాట ఒక్కటే నా బుర్రలో ఉండిపోయింది.

తిరగడానికి లోపల ఒక లోకం కావాలి కదా. దానికి వాళ్లు పాతికేళ్ల నాటి వీడియో గేమ్ ఒకటి వాడేవారు. అమెరికా పడమటి సీమ, ఎర్రమట్టి గుట్టలు, గుర్రాలు, తుపాకులు, టోపీలు. ఇదేం ఖర్మ, కొబ్బరి చెట్టన్నా లేదే అన్నాను. యంత్రాలు చూసుకునే కుర్రాడు తబ్రేజ్ నవ్వాడు. కొత్త ఆటల్ని వంద రెట్లు వేగంగా తిప్పగల యంత్రం ఇంకా పుట్టలేదట. ఇది పాతది, తేలికది కాబట్టి తిరుగుతోందట. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఉన్నదాన్ని వాడుకోవడమే తప్ప కొత్తగా ఏదీ కట్టలేమన్నాడు.

మామూలుగా అందర్నీ రైల్వే స్టేషన్లో దింపుతారు. వాళ్లు రోజంతా ఊరు తిరిగి, తిరిగొచ్చి రైలెక్కి కూర్చుంటారు. రైలు కదిలాక తబ్రేజ్ ఆట వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తాడు. కిటికీ పక్కన పనేమీ లేకుండా కూర్చున్న మనసు కూడా దాంతోపాటు నెమ్మదించి మన వేగానికి దిగుతుంది. బయటికి రావడానికి అదొక్కటే దారి. పరుగులో ఉండగా తీగ పీకేస్తే గుండె ఆగిపోతుంది. ఒకరికి అలా జరిగిందని కూడా ఇందుమతి దాచలేదు.

తబ్రేజ్ చూపిస్తున్న బొమ్మల్లో నా కన్ను ఒకదాని మీద ఆగింది. బురద రంగు నది. ఒడ్డుకి బారెడు దూరంలో ఒక స్టీమరు మేట ఎక్కి పక్కకి ఒరిగి ఉంది. రెండు పొగగొట్టాల్లో ఒకటి విరిగిపోయింది. వెనకాల పెద్ద చక్రానికి సగం చెక్కలు లేవు. రంగు పొలుసులుగా లేచిపోయింది. నాన్నని అక్కడ దింపమన్నాను.

అక్కడేమీ లేదు మేడమ్, ఆటలో దానికి పనే లేదు, అందానికి పెట్టారు, పైగా స్టేషన్ రెండు కిలోమీటర్ల దూరం అన్నాడు తబ్రేజ్. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. అరవై మందిని ఒక్కసారి కూర్చోబెట్టే గొంతుతో చెప్పాను, మా నాన్న పడవ కనిపిస్తే లేచి కూర్చుంటాడు, అక్కడే దింపు అని. నాన్నని అడిగాను. సరేనన్నట్టు కళ్లు రెండుసార్లు మూసి తెరిచాడు.

సరంగుల్లో ఒక కట్టుబాటు ఉంది. మేట ఎక్కిన లాంచీని సరంగు వదిలి దిగడు. ఎక్కిన జనం దిగిపోతారు, కళాసీలు దిగిపోతారు, ఆయన మాత్రం ఉంటాడు. ఇంకో సరంగు వచ్చి, మోకు విసిరి, "లాంచీ నాది, దిగు" అనాలి. ఆ మాట అన్నప్పటి నుంచీ ఆ లాంచీకి ఏం జరిగినా, అప్పటికే ఏం జరిగి ఉన్నా, జవాబు చెప్పుకోవాల్సింది ఆ రెండోవాడు. అప్పుడే మొదటివాడు కాలు కింద పెడతాడు. ఒకసారి నాన్న అలాగే పోశమ్మగండి దగ్గర నాలుగు రోజులు అటుకులు తిని కూర్చున్నాడని అమ్మ బతికున్నప్పుడు మురిసిపోతూ చెప్పేది. ఇదంతా తెలిసిన దాన్నే. కానీ ఆటలో బొమ్మ పడవకి కూడా అది వర్తిస్తుందని నాకు తట్టలేదు.

సోమవారం పొద్దున్న పది గంటలకి నాన్న తలకి తీగలు పెట్టారు. తెర మీద బొమ్మలు ఎంత వేగంగా పోతున్నాయంటే ఏమీ తెలియడంలేదు. తబ్రేజ్ మొదటి కొద్దిసేపటిని నెమ్మదిగా తిప్పి చూపించాడు. టోపీ, తోలు చొక్కా వేసుకున్న ఒక మనిషి డెక్కు మీద నిలబడి చేతులు చూసుకుంటున్నాడు. వేళ్లు ముడిచాడు, తెరిచాడు. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి. తర్వాత ఒరిగిన డెక్కు మీద ఆ చివరికీ ఈ చివరికీ అలవాటున్న నడకతో నడిచాడు. నేను ఏడ్చాను. తబ్రేజ్ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

పావుగంట అయింది. నాన్న స్టేషన్ వైపు రాలేదు. అరగంట, గంట. మధ్యాహ్నానికి లోపల ఎనిమిది రోజులు దాటాయి. ఎక్కడున్నాడా అని చూస్తే స్టీమరు మీదే ఉన్నాడు. ఆటలో ఆయనకిచ్చిన తుపాకీని తిరగేసి, గొట్టం పట్టుకుని, దాని చెక్క మడమని నీళ్లలోకి దించి లోతు చూస్తున్నాడు. "నడుం లోతు," అని అరిచాడు, ఎవరో విని రాసుకుంటున్నట్టు. ఆ చివరికి వెళ్లి మళ్లీ దించి, "నడుం లోతు," అన్నాడు. ఆటలో ఆ నది పెరగదు, తరగదు.

అక్కడ ఆకలి లేదు. నిద్ర ఉంది, కానీ ఆయన పడుకోలేదు. లోపలి గదుల్లో అందానికి పారేసిన పెట్టెలు, ఒక పిల్ల బూటు, టోపీలు ఉంటే, అవన్నీ ఏరి పొడిగా ఉన్న చోట వరుసగా పెట్టాడు. రోజూ వాటిని లెక్కపెట్టేవాడు. ఆయన అక్కడ బతికిన కాలంలో మేం చూడగలిగింది ముక్కలు ముక్కలుగా పది గంటలు, అంతే. మిగతాదంతా ఆయన ఒక్కడే గడిపాడు.

మూడో రోజు ఇందుమతి ఆట వేగాన్ని తగ్గించి చూసింది. నాన్న మనసు తగ్గలేదు. లోకం గడ్డకట్టినట్టు కనిపించిందేమో, నాడి నూట అరవైకి పోయింది. వెంటనే మళ్లీ పెంచేసింది. మత్తుమందు ఇవ్వడానికీ లేదు, ఆ వేగంలో గుండె తట్టుకోదు. కాపలా కాస్తున్న మనసు నెమ్మదించదండి, ఎవరో ఒకరు ఆయన్ని ఆ కాపలా నుంచి దింపాలి అంది. మెదడు వేడెక్కుతోందనీ, పది పదకొండు రోజులకి మించి ఒళ్లు తట్టుకోదనీ చెప్పింది.

అప్పుడు కట్టుబాటు సంగతి చెప్పాను. ఇద్దరూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ నది మీద ఇంకో పడవ లేదు, కట్టడానికి వీల్లేదు. ఉన్నవల్లా గుర్రాలు, పశువుల్ని పట్టే ఉచ్చుతాళ్లు. ఆటలో ఊరికే తిరిగే రౌతుల్లో ఒకణ్ని ప్రయోగశాల యంత్రంతో నడిపించవచ్చన్నాడు తబ్రేజ్. నా గొంతు రికార్డు చేసి, వంద రెట్లు వేగం పెంచి, ఆ రౌతు నోట పెట్టాడు. నాలుగో రోజు రౌతు ఒడ్డుకి వెళ్లి తాడు విసిరాడు. "నాన్నా, నేను నూకరత్నాన్ని. లాంచీ నాది, దిగు," అన్నాను.

నాన్నకి అప్పటికి సంవత్సరం కావస్తోంది. డెక్కు మీద పడిన తాడుని చేత్తో తడిమి చూశాడు.

"నూకా? ఇది గొడ్లని కట్టే తాడమ్మా. గుర్రంతో లాగితే లాంచీ కదులుద్దా?" అన్నాడు. గొంతులో నవ్వుంది. "నీకు లోతు తెలీదు. ఇంటికెల్లు, ఎండగా ఉంది."

నేను ఇంకో మాట రికార్డు చేసి పంపడానికి పావుగంట పట్టింది. అంటే ఆయనకి ఒక రోజు. ఆ రోజంతా రౌతు ఒడ్డున బొమ్మలా నిలబడే ఉన్నాడు. నేను బతిమాలాను, తిట్టాను, ఒట్టు పెట్టాను. సరంగు వస్తే దిగుతానన్నాడు.

సరే, సరంగునే తెచ్చాను. పెమ్మాడి ఏసు నాన్నతోపాటు ఇరవై ఏళ్లు లాంచీ నడిపినవాడు, ఇప్పుడు ఎనభైకి దగ్గర. యానాంలో వెతికి పట్టుకుని కారులో తీసుకొచ్చేసరికి ఏడో రోజు. మైకు ముందు కూర్చుని, రేవులో పిలిచినట్టే పిలిచాడు. "ధర్మయ్యా, ఏసుని. లాంచీ నాది, దిగు."

జవాబుని తబ్రేజ్ నెమ్మదిగా తిప్పాడు. నాన్న కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి వదిలాడు. స్టీమరు నుంచి ఒడ్డుకి వేసి ఉన్న చెక్క మీదికి రెండడుగులు వేశాడు.

"వద్దు ఏసూ," అన్నాడు. "నువ్వు తీసుకుంటే మళ్లీ మొదట్నుంచీ అడుగుతారు, చుక్కాని ఎవరి చేతిలో ఉందని. అది మా అబ్బాయి దాకా ఎల్లిపోద్ది."

ఏసు తల వంచుకుని తన కాళ్లు చూసుకుంటున్నాడు. ఏమిటి మావయ్యా అని అడిగాను. రేవులో అందరికీ తెలుసమ్మా, నీకే చెప్పొద్దన్నాడు మీ నాన్న అన్నాడు ఏసు.

అబ్బాయంటే నా తమ్ముడు వీరబాబు. రాజమండ్రి బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడుపుతాడు. షాపు వదిలి రావడం కుదరదని నాన్నని చూడ్డానికి ఒక్కసారి కూడా విశాఖ రాలేదు. రాతి గుండె వెధవ అని నాలో నేను తిట్టుకున్నాను. ఫోన్ చేసి నాన్న అన్నమాట చెప్పాను. "నీక్కూడా తెలిసిపోయిందా అక్కా," అన్నాడు. మర్నాడు పొద్దున్న రైలుకి వచ్చాడు.

లాంచీ ఒరిగిన రోజు నాన్న అన్నం తినడానికి వెనక్కి వెళ్లాడట. పది నిమిషాలు చుక్కాని వీడికిచ్చాడు. వీడికి పందొమ్మిదేళ్లు, లైసెన్సు లేదు, అయినా ఏడాదిగా నాన్న తినేటప్పుడల్లా వీడే పట్టుకునేవాడు. ముందు గెడ వేసి లోతు చెబుతున్న కళాసీ "నడుం లోతు" అని అరిస్తే, ఇంకొంచెం పోవచ్చనుకున్నాడు. మేట ఎక్కింది. జనం అంతా ఒక పక్కకి పరిగెత్తారు. నీళ్లలోంచి వీణ్ని జుట్టు పట్టుకుని పైకి లాగినప్పుడు నాన్న అన్న మొదటి మాట, నువ్వు టాపు మీద నిద్రపోతున్నావు, ఎవరడిగినా అదే చెప్పు అని.

అది చెప్పి వీరబాబు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. వాడికి ముప్పై మూడేళ్లు, నడినెత్తిన జుట్టు పలచబడింది. పద్నాలుగేళ్లుగా వాణ్ని సోమరి అనీ, పిరికి అనీ, పెళ్లి చేసుకోవడానిక్కూడా బద్ధకమనీ వెక్కిరించినదాన్ని నేను. వెళ్లి పక్కన కూర్చున్నాను.

మైకు ముందుకి రావడానికి వాడికి రెండు రోజులు పట్టింది. పదో రోజు కూర్చున్నాడు. మూడుసార్లు మైకు దగ్గరికి లాక్కుని మళ్లీ వెనక్కి తోశాడు. నాలుగోసారి చెప్పాడు. "నాన్నా, వీరబాబుని. ఆ రోజు చుక్కాని నా చేతిలో ఉంది. ఆ మాట నేనే చెప్పుకుంటాను. లాంచీ నాది. నువ్వు దిగు."

నాన్న చెక్క మీద నుంచి నడిచి వచ్చాడు. చివరిదాకా వచ్చాడు. ఒక కాలు ఎత్తాడు, ఆ కాలు ఒడ్డు మీద పడడమే తరువాయి.

"ఎదిగావురా," అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "సరంగు మాటే అన్నావు. ఇంకెక్కడా అనకు. పందొమ్మిదేళ్లకి జైలేంటి నీకు." కాలు వెనక్కి తీసుకున్నాడు. "లాంచీ నాది."

వీరబాబు వెంటనే మైకు లాక్కుని చెప్పాడు, నాకు ముప్పై మూడేళ్లు నాన్నా, ఎవరూ నన్ను పట్టుకుపోరు, అంతా అయిపోయింది అని. ఆ మాట వేగం పెంచి పంపేసరికి లోపల ఒక పూట గడిచిపోయింది. నాన్న దానికి జవాబివ్వలేదు. తర్వాత పంపిన ఏ గొంతుకీ ఇవ్వలేదు. తుపాకీ నీళ్లలో దించి లోతు చెప్పుకుంటూ తిరిగాడు. మూడేళ్లు కావస్తున్నాయి కదా, ఒడ్డు నుంచి ఎవరైనా పిలిస్తే తన కొడుకు పేరు రాబట్టడానికే అనుకున్నాడేమో.

పదకొండో రోజు మధ్యాహ్నం జ్వరం నూట ఐదు దాటింది. తీగ పీకినా అంతే, పీకకపోయినా అంతేనని ఇందుమతి చెప్పింది. ఏం చెయ్యమంటారని అడిగింది. పీకొద్దన్నాను. ఎలాగూ దిగని మనిషిని నీళ్లలోకి తొయ్యడం నావల్ల కాలేదు. నేనొక చెయ్యి, తమ్ముడొక చెయ్యి పట్టుకుని కూర్చున్నాం. తబ్రేజ్ స్పీకరులో సన్నని రొద వస్తూనే ఉంది. నాలుగూ ఇరవైకి ఆగిపోయింది. చివరి ముక్కని నెమ్మదిగా తిప్పమన్నాను. "నడుం లోతు," అన్నాడు నాన్న. కాసేపు నీళ్ల చప్పుడు. అంతే.

ఇందుమతి ఆ ప్రయోగం ఆపేసింది. వేళ్లు కదిలిన ఆవిడ ఇంట్లోవాళ్లు వచ్చి కాళ్లు పట్టుకున్నారట, అయినా మళ్లీ మొదలుపెట్టలేదు. ఆ పాపం కూడా నా ఖాతాలోనే ఉంది.

పదకొండో రోజు కర్మ అయ్యాక వీరబాబు ఒక కాగితం మీద అంతా రాసుకుని, విచారణ జరిగిన ఆఫీసుకి వెళ్లాడు. నేనూ వెళ్లాను. గుమాస్తా మర్యాదస్తుడే, కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఆ ఫైలు ఇప్పుడు లేదండి, గడువు దాటితే ఉంచరు అన్నాడు. శిక్ష పడింది, అనుభవించారు, ఆయనా పోయారు, ఇప్పుడిది ఎక్కడ పెట్టుకోమంటారు అని ఆ కాగితం మడత పెట్టి తమ్ముడి చేతిలోనే పెట్టాడు.

ఆ తర్వాత వాడు తబ్రేజ్‌ని అడిగి ఆ ఆట తెచ్చుకున్నాడు. షాపులో జిరాక్సు మిషను పక్కనున్న కంప్యూటరులో వేసుకున్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం కరెంటు బిల్లులు, ఆధార్ కాపీలు తీసుకునేవాళ్ల మధ్యలోనే కూర్చుని, గుర్రమెక్కి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆ స్టీమరు ఎక్కుతాడు. దొంగల్ని కాల్చడు, ఊళ్లోకి వెళ్లడు. తుపాకీ తిరగేసి లోతు చూస్తాడు. ఎవరైనా కాగితం ఇస్తే లేచి తీసిచ్చి, మళ్లీ కూర్చుంటాడు.

నేను స్కూలు నుంచి వస్తూ క్యారేజీ తీసుకెళ్తాను. దిగరా, అన్నం చల్లారిపోతోంది అంటాను.

"లాంచీ నాది కదక్కా," అంటాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "ఎవరన్నా వచ్చి తీసుకుంటే దిగుతాను."

నేను కూడా ఇంట్లో ల్యాప్‌టాపులో ఆ ఆట పెట్టుకున్నాను. తాడు విసరడం నేర్చుకున్నాను, ఇప్పుడు గురి తప్పడం లేదు. స్టీమరు దాకా వెళ్తాను. నా స్టీమరు ఖాళీగా ఉంటుంది. తమ్ముడుండేది ఇది కాదు, వాడి కంప్యూటరులో ఉన్నది. ప్రయోగశాల యంత్రం లేకపోతే అది ఒక్కరు మాత్రమే ఆడుకునే ఆట. రెండో మనిషి రావడానికి అందులో దారి లేదు.